ఊళ్ళో పెద్దల చదువు నడిపే ఆర్గనైజర్లకి ట్రైనింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 1991లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం అక్షరదీపంలో వలంటీర్‌గా లాంతరు, పలకలు పట్టుకుని మొదలుపెట్టా, అప్పట్నుంచి ఏదో ఒక రకంగా ఇదే పనిలో ఉన్నా. కొన్నేళ్ళుగా పెద్దల చదువు కేంద్రాలు నడిపేవాళ్ళకి ట్రైనింగ్ ఇస్తున్నా. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఫోన్ చేసి అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

ఆర్గనైజర్ అంటే టీచరే కదా, వేరే ట్రైనింగ్ ఎందుకు?

టీచర్ కాదండి. టీచర్ అక్షరం చెప్తాడు. ఏ ఇంట్లో ఎవరికి చదువు రాదు, వాళ్ళకి ఎప్పుడు ఖాళీ, ఎక్కడ లైటు ఉంది, నిన్న ఫలానా ఆమె ఎందుకు రాలేదు, వచ్చిన ఆమె ఎందుకు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది, ఇవన్నీ చూసుకునేది ఆర్గనైజర్. పేరు మాత్రం ఒక్కో స్కీములో ఒక్కోలా మారింది, ఒకప్పుడు సూపర్‌వైజర్ అన్నారు, తర్వాత కేంద్ర ప్రభుత్వం పెట్టిన సాక్షర భారత్‌లో ప్రేరక్ అన్నారు, మన దగ్గర విలేజ్ కోఆర్డినేటర్ అని పిలిచేవాళ్ళు, ఇప్పుడు నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ స్కీము ఉల్లాస్‌లో వలంటీర్లే అంతా. చాలా చిన్న ఊళ్ళల్లో రెండు పనులూ ఒక్కరే చేస్తారు, అది వేరే సంగతి. కానీ కేంద్రం మూతపడిందంటే పాఠం సరిగ్గా చెప్పలేక మూతపడటం నేను చాలా తక్కువ చూశా, మనుషుల్ని నిలబెట్టుకోలేకే మూతపడుతుంది. ట్రైనింగ్ అంతా ఆ నిలబెట్టుకోవడం గురించే అని నా ఉద్దేశం.

ఈ రోజుల్లో కూడా చదువు రానివాళ్ళు అంతమంది ఉన్నారా?

ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం, మగవాళ్ళలో 74.88, ఆడవాళ్ళలో 59.15. అంటే ఆడవాళ్ళలో పదిమందికి నలుగురు. పైగా ఆ లెక్క ఏడేళ్ళు నిండిన వాళ్ళందర్నీ కలిపి తీసింది, బడికెళ్ళే ఆడపిల్లలు కూడా అందులోనే ఉన్నారు, వాళ్ళని పక్కన పెట్టి నలభై దాటిన అమ్మలని మాత్రమే చూస్తే పరిస్థితి ఇంకా కింద ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, సంతకం వచ్చినవాళ్ళందరికీ చదువు వచ్చినట్టు కాదు. డ్వాక్రా సంఘాలు వచ్చాక లక్షల మంది సంతకం నేర్చుకున్నారు, మంచిదే, కానీ చాలామంది దాన్ని ముగ్గు వేసినట్టు గీస్తారు. మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే చెప్పలేరు. సర్వేకి వెళ్ళినప్పుడు "సంతకం వచ్చా" అని అడిగి రాసుకు రావద్దని ట్రైనింగ్‌లో గట్టిగా చెప్తా. చేతిలో రేషన్ కార్డు పెట్టి ఇంటి పేరు ఎక్కడుందో చూపించమనండి, తెలిసిపోతుంది.

ఇదివరకు చేసిన ప్రోగ్రాముల గురించి కొత్తవాళ్ళకి చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి, కాకపోతే తేదీల పట్టికలా వద్దు. చదువు ఊళ్ళోకి తీసుకెళ్ళడం మనకి కొత్త కాదు అని వాళ్ళకి తెలియాలి. ఆంధ్ర గ్రంథాలయ ఉద్యమం ఉంది, దాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు తిరిగిన ఊళ్ళున్నాయి, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ ఇప్పటికీ ఉంది, కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా ఇచ్చిన పాతూరి నాగభూషణం గారున్నారు. తెలంగాణలో ఆంధ్ర మహాసభ వాళ్ళు లైబ్రరీలు, రాత్రి బడులు నడిపారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళా సభ హైదరాబాద్‌లో లిటరసీ హౌస్ పెట్టింది, వయోజన విద్య వాచకాలు, ట్రైనింగులు చాలాకాలం అక్కడ్నుంచే వచ్చాయి.

సర్కారు వైపు చూస్తే 1978 అక్టోబర్ 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం వచ్చింది, కేంద్రానికి 30 మంది, ఒక ఇన్‌స్ట్రక్టర్. 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్. తర్వాత కేరళలో ఎర్నాకులం జిల్లా మొత్తం కదిలి 1990 ఫిబ్రవరిలో సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయ్యింది, ఆ ఊపు మన జిల్లాలకీ వచ్చింది, జీతాల్లేని వలంటీర్లు, ఊరూరా తిరిగి ఆడిపాడే కళాజాతాలు, పాటలు, ఊరేగింపులు.

అందులో నెల్లూరు సంగతి మాత్రం ప్రతి ట్రైనింగ్‌లో పూర్తిగా చెప్తా. అక్షరదీపం వాచకంలో ఒక పాఠం ఉండేది, ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించిన కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పాఠం చదివి అక్కడితో ఆపలేదు, మన ఊళ్ళో మనం ఎందుకు చెయ్యకూడదు అనుకున్నారు, చేశారు. దూబగుంట రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. అక్కడ్నుంచి ఊరూరా పాకి, సారా వేలం పాటలు జరగనీకుండా అడ్డుకుని, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. తర్వాత 1997లో అది ఎత్తేశారు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కానీ గుర్తు పెట్టుకోవాల్సింది ఏంటంటే ఆ ఆడవాళ్ళలో చాలామందికి ఇంకా ఒత్తులు కూడా సరిగ్గా రావు అప్పటికి. రోజూ ఒకచోట కూర్చోవడం, కూర్చుని మాట్లాడుకోవడం, ఆ అలవాటే వాళ్ళని నడిపించింది. ఆ అలవాటు ఎలా వేయించాలో నేర్పడానికే ఆర్గనైజర్ ట్రైనింగ్.

ఎవర్ని ఎంచుకోవాలి? డిగ్రీ ఉండాలా?

డిగ్రీ అక్కర్లేదు. పదో తరగతి చదివి ఆ ఊళ్ళోనే ఉండే కోడలు, ఎమ్మే చదివి పట్నం నుంచి బండి మీద వచ్చి వెళ్ళే కుర్రాడి కన్నా నయం. రాత్రి ఎనిమిదింటికి ఊళ్ళో ఉండాలి, అది మొదటి అర్హత. రెండోది, నలుగురిలో ఎవర్నీ తక్కువ చేసి మాట్లాడే అలవాటు ఉండకూడదు. దీన్ని ఇంటర్వ్యూలో కనిపెట్టలేం, ఆ ఊరికి వెళ్ళి సంఘం ఆడవాళ్ళని అడిగితే ఒక్క నిమిషంలో చెప్తారు, "ఆ పిల్లా? మంచిగా పలకరిస్తది" అంటే చాలు. ఊరి పెద్ద ఎవర్నో రికమెండ్ చేసి ఇతన్నే పెట్టుకో అంటే కొంచెం ఆగండి.

ట్రైనింగ్ ఎన్ని రోజులు, ఎక్కడ పెట్టాలి?

నా లెక్కలో మొదట ఐదు రోజులు, అందులో రెండు రాత్రులు ఊళ్ళో, ఆ తర్వాత ఏడాదంతా నెలకి ఒక రోజు. ఆ నెలకొక రోజు లేకపోతే మొదటి ఐదు రోజులు దండగ.

నేను కూర్చున్న ట్రైనింగుల్లో చాలావాటికి ఒకే వరస, పొద్దున జ్యోతి ప్రజ్వలన, మధ్యాహ్నం దాకా ఉపన్యాసాలు, భోజనం బాగుంటుంది, మూడింటి నుంచి ఎవరో మాడ్యూల్ చదివి వినిపిస్తారు, సాయంత్రం బ్యాగు, నోట్‌బుక్ ఇచ్చి పంపుతారు. పైన రిసోర్స్ పర్సన్లకి ఒకరు చెప్పడం, వాళ్ళు మాస్టర్ ట్రైనర్లకి చెప్పడం, వాళ్ళు మండలంలో వలంటీర్లకి చెప్పడం, ఇట్లా మూడు మెట్లు దిగేసరికి పాలల్లో నీళ్ళు కాదు నీళ్ళల్లో పాలు మిగులుతాయి. పైనవాళ్ళు బాగానే చెప్పి ఉంటారు, కానీ కింద దాకా వచ్చేది కాగితమే, చేసి చూపించడం రాదు. అందుకని నేను ఒక్క నియమం పెట్టుకున్నా, రెండో రోజు సాయంత్రం ప్రతి ట్రైనీ దగ్గర్లోని ఊరికి వెళ్ళి చదువు రాని ఒక పెద్దమనిషి పక్కన గంటసేపు కూర్చోవాల్సిందే. మూడో రోజు పొద్దున వచ్చి చెప్పే మాటల్లోంచే మిగతా ట్రైనింగ్ నడుస్తుంది.

మొదటి రోజు మీరేం చేయిస్తారు?

ఒడియా లిపిలో ఒక కాగితం ఇస్తా. కన్నడ ఇవ్వకండి, మనవాళ్ళు సగం ఊహించి చదివేస్తారు. పది నిమిషాల్లో ఆ అక్షరాల్లో ఒక మాట చూసి రాయాలి, ఎడమ చేత్తో, అదీ పక్కనవాళ్ళు చూస్తుండగా. గట్టిగా నవ్వుకుంటూ మొదలెడతారు, ఐదో నిమిషానికి గది నిశ్శబ్దం అయిపోతుంది, కొందరికి చెమట్లు పడతాయి, ఒకళ్ళిద్దరు కాగితం మడిచేస్తారు. అప్పుడు అడుగుతా, ఇప్పుడు మీకెలా ఉంది అని. సిగ్గేసింది, కోపం వచ్చింది, బయటికి పోదామనిపించింది, ఇవే వస్తాయి. బోర్డు మీద అవన్నీ రాసి, మీ కేంద్రానికి మొదటిరోజు వచ్చే పెద్దమ్మకి కూడా ఇదే ఉంటుంది అని చెప్తా. అంతే, ఇంకేం వివరించను.

ఊరు సర్వే ఫారాలు నింపితే సరిపోదా?

ఫారం నింపండి, రిజిస్టర్‌కి కావాలి. కానీ దానికన్నా ముందు ముగ్గుపిండితో ఊరి పటం వేయించండి. ఖాళీ స్థలంలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి వీధులు, బావి, గుడి, స్కూలు, ఇళ్ళు వాళ్ళచేతే గీయించి, చదువు రానివాళ్ళున్న ఇంటి మీద ఒక చింతగింజ పెట్టమనండి. ఫారంలో దాచిన పేరు అక్కడ బయటికొస్తుంది, ఎందుకంటే ఒకరు మర్చిపోతే ఇంకొకరు గుర్తు చేస్తారు. పైగా అంతసేపూ పెన్ను పట్టుకున్నవాడు మాట్లాడడు, వాళ్ళే మాట్లాడతారు, కొత్త ఆర్గనైజర్‌కి ఊరుకుని వినడం అలవాటు చెయ్యడానికి ఇంతకన్నా మంచి పని నాకు దొరకలేదు.

పటం తర్వాత ఊరి క్యాలెండర్. నాట్లు ఎప్పుడు, కలుపు ఎప్పుడు, పత్తి తీత ఎప్పుడు, మిరపకాయ కోతలకి ఎవరెవరు గుంటూరు వైపో ఖమ్మం వైపో వెళ్తారు, పాలమూరు వైపైతే వలస ఏ నెలలో మొదలవుతుంది, జాతర ఎప్పుడు. సాక్షరతా మిషన్ మూడు వాచకాలకీ కలిపి 200 గంటలు పెట్టింది. రోజుకి గంటన్నర చొప్పున 133 రోజులు. కాగితం మీద నాలుగున్నర నెలలు అనిపిస్తుంది, కోతలు, వలసలు, పండగలు తీసేస్తే ఏడెనిమిది నెలలు పడుతుంది. ఇది ముందే తెలిస్తే జనం రావట్లేదని ఆర్గనైజర్ కుంగిపోడు.

పెద్దవాళ్ళకి అ ఆ ల నుంచి మొదలెట్టకూడదా?

మొదలెట్టొచ్చు, కానీ నెలరోజులు అచ్చులు దిద్దిస్తే మనుషులు మిగలరు. యాభై ఏళ్ళ మనిషి రోజంతా కలుపు తీసి వచ్చి "ఋ ౠ" దిద్దుతూ కూర్చోదు. ఆమెకి పనికొచ్చే మాట మొదటి రోజే చదివించాలి. బ్రెజిల్‌లో పౌలో ఫ్రెయిరీ అనే ఆయన 1960లలో ఇదే పద్ధతి నడిపాడు, జనం బతుకులో బరువున్న మాట తీసుకుని, దాని గురించి మాట్లాడించి, తర్వాత ముక్కలు చేసి, ఆ ముక్కలతో కొత్త మాటలు కట్టించడం. తెలుగుకి ఇది భలే అతుకుతుంది, మనకి గుణింతం ఉంది కాబట్టి.

ఉదాహరణకి "కూలి" తీసుకోండి. ముందు పదిహేను నిమిషాలు కూలి గురించి మాట్లాడించండి, మగవాళ్ళకెంత, ఆడవాళ్ళకెంత, ఎందుకు తేడా, కొలతల పనికి డబ్బులు ఎలా కడతారు. ఆ మాటలు వేడెక్కాక పలక మీద కూలి అని రాయండి. రెండే అక్షరాలు, క, ల. వాటికి దీర్ఘం, గుడి, కొమ్ము తగిలిస్తే కల, కాలు, కాలి, కీలు, కలి. ఒక్క సాయంత్రంలో ఆరు మాటలు చదివిన మనిషి రేపు తప్పకుండా వస్తుంది. తర్వాత నీరు, భూమి, బియ్యం ఇలా వెళ్ళొచ్చు, ఒత్తులున్న "అప్పు" లాంటివి కొంచెం ఆగి తీసుకోవాలి.

అక్షరాలు కూడా ఆకారాన్ని బట్టి గుంపులు చేసి చెప్పండి, ద, డ, ధ, థ ఒకచోట, ప, వ, మ, య ఒకచోట. ప కీ వ కీ, మ కీ య కీ తేడా చూపించడానికి ఒక సాయంత్రం అచ్చంగా కేటాయించినా తప్పులేదు.

లెక్కలు ఎలా?

లెక్కలు వాళ్ళకి వచ్చు, రాయడమే రాదు. ఈ మాట ట్రైనీల చేత పదిసార్లు అనిపిస్తా. సంతలో కూరగాయలు అమ్మే ఆమె నోటిలెక్క మీ కాలిక్యులేటర్ కన్నా ముందుంటుంది, వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతుంది, పావు, అర, ముప్పావు ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడ్నుంచే మొదలెట్టాలి. ముందు ఆమె లెక్క ఎలా చేస్తుందో మీరు నేర్చుకోండి, తర్వాత దాన్ని కాగితం మీద ఎలా పెట్టాలో చెప్పండి.

వడ్డీ పాఠం తప్పకుండా పెట్టండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి నూటికి రెండు, ఏడాదికి 24. ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60. సంఘాలకి ఒకప్పుడు వచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి మూడు శాతం. ఇవి మూడూ పక్కపక్కన పలక మీద రాయించి, పదివేలు తీసుకుంటే ఏడాదికి ఎంత కట్టాలో లెక్క వేయించిన రోజు కేంద్రం తొమ్మిదిన్నర దాకా కదలదు, నా అనుభవం అది.

నాలుగు రోజులు వచ్చి "నాకు చదువు ఎక్కట్లేదు" అని మానేస్తున్నారు, ఏం చెయ్యాలి?

ముందు కళ్ళు చూడండి. ఇది ఏ మాడ్యూల్‌లోనూ సరిగ్గా రాయరు, కానీ సగం కేసులు ఇవే. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది, చదువుకున్నవాళ్ళు వెంటనే అద్దాలు పెట్టించుకుంటారు, చదువు రానివాళ్ళకి ఆ లోటు తెలియనే తెలియదు, సూదిలో దారం మనవరాలి చేత ఎక్కించుకుని ఊరుకుంటారు. పుస్తకం చేతికిచ్చాక అక్షరాలు అలికినట్టు కనపడితే, నా బుర్ర పనిచెయ్యట్లేదు అనుకుంటుంది, కంటి సంగతి అనుకోదు. పుస్తకాన్ని చెయ్యంత దూరం పెట్టి చూస్తున్నారా, లైటు కిందికి జరుగుతున్నారా గమనించమని చెప్తా. మామూలు రీడింగ్ గ్లాసులు సంతలో వంద, నూటయాభైకి దొరుకుతాయి, కాకపోతే ఒకసారి కంటి డాక్టర్‌కో క్యాంపులోనో చూపిస్తే శుక్లాలు ఉంటే కూడా బయటపడతాయి. తెలంగాణలో 2018లో, మళ్ళీ 2023లో కంటి వెలుగు పెట్టినప్పుడు అద్దాలు ఉచితంగా ఇచ్చారు, ఆ అద్దాలు బీరువాలో పెట్టుకున్న అమ్మలు చాలామంది ఉన్నారు, అడిగి తీయించండి.

కళ్ళు బాగానే ఉంటే అప్పుడు ఇంటికి వెళ్ళండి. ఎందుకు రాలేదు అని అడగొద్దు, ఊరికే కూర్చుని మజ్జిగో మంచినీళ్ళో తాగి రండి. ఎక్కువసార్లు కారణం దానంతట అదే తెలుస్తుంది, మొగుడు ఏదో అన్నాడు, కోడలు నవ్వింది, లేదా మన వలంటీర్ కుర్రాడే తెలీకుండా "ఎన్నిసార్లు చెప్పాలి" అని విసుక్కున్నాడు. మూడోది అయితే మీరే క్షమాపణ చెప్పండి. వయసులో చిన్నవాళ్ళు చదువు చెప్పేటప్పుడు పిలుపు చాలా ముఖ్యం, అత్తా, పెద్దమ్మా, మామా, అన్నా, ఊళ్ళో ఏ వరస ఉంటే ఆ వరసతోనే పిలవాలి, కేంద్రంలోకి రాగానే స్టూడెంట్‌ని పిలిచినట్టు పేరు పెట్టి హాజరు పిలిస్తే మర్నాడు రారు.

మగవాళ్ళు అసలు రావట్లేదు.

నలుగురిలో పలక పట్టుకోవడానికి ఆడవాళ్ళకన్నా మగవాళ్ళకే ఎక్కువ సిగ్గు. కేంద్రం అని పేరు పెట్టకుండా పని మీద పట్టుకోండి. పురుగుమందు డబ్బా తీసుకెళ్ళండి, దాని మీద ఉండే రంగు గుర్తు చూపించండి, ఎరుపు అంటే అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. రైతుకి ఇది ప్రాణంతో సమానం. ఎంత నీళ్ళకి ఎంత మందు, ఏ తేదీ దాటితే వాడకూడదు, ఇవి చదవాలని అప్పుడు వాళ్ళకే అనిపిస్తుంది.

కేంద్రం ఎక్కడ పెట్టాలి? గుడి దగ్గర పెట్టమని ఊరి పెద్దలు అంటున్నారు.

గుడి అరుగు మీద పెడితే ఎస్సీ కాలనీ ఆడవాళ్ళు రారు, కాలనీలో పెడితే ఊళ్ళోవాళ్ళు కొందరు రారు. ఈ మాట ట్రైనింగ్‌లో మొహమాటం లేకుండా మాట్లాడాలి, మాట్లాడకపోతే ఆర్గనైజర్ ఊళ్ళోకి వెళ్ళి ఎవరో చూపించిన చోట పెట్టేస్తాడు, ఆ తర్వాత "వాళ్ళకి ఆసక్తి లేదు" అని రిపోర్ట్ రాస్తాడు. చదువు అందరికన్నా ఎక్కువ అవసరమున్నది ఎవరికో పటంలో చింతగింజలు చూపిస్తాయి, ముందు వాళ్ళ దగ్గరే పెట్టండి. కావాలంటే రెండు చిన్న కేంద్రాలు పెట్టి, నెలకోసారి స్కూల్లోనో పంచాయతీ ఆఫీసులోనో రెండిటినీ కలిపి కూర్చోబెట్టండి. కలపడం కష్టంగానే ఉంటుంది, మొదటి రెండు నెలలు ఎడంగానే కూర్చుంటారు. వదిలెయ్యొద్దు.

ఏజెన్సీ ఊళ్ళల్లో కూడా ఇదే ట్రైనింగ్ సరిపోతుందా?

సరిపోదు. ఉట్నూరు వైపు గోండి, కొలామి, చింతూరు, భద్రాచలం వైపు కోయ, సీతంపేట వైపు సవర, ఇంటి భాష వేరు. ఆ భాష మాట్లాడే మనిషే ఆర్గనైజర్ కావాలి. ముందు వాళ్ళ భాషలో మాట్లాడించి, ఆ మాటనే తెలుగు అక్షరాల్లో రాయించి, తర్వాత తెలుగులోకి రావాలి. మైదానం నుంచి వచ్చిన ట్రైనర్ అక్కడ వెనక కూర్చోవాలి.

అక్షరాలు ఒక్కటే నేర్పితే చాలా? కమ్యూనిటీ ఎడ్యుకేషన్ అంటే ఇంకేంటి?

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్ళని చూడండి. బడి మొహం చూడని దళిత మహిళలు కెమెరా పట్టి సినిమాలు తీశారు, 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు, చిరుధాన్యాల విత్తనాలు కాపాడారు. వాళ్ళకి అక్షరం రాకపోవచ్చు, కానీ చెప్పాల్సింది చాలా ఉంది, చెప్పే సాధనం చేతికి వచ్చింది.

అలాగే ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో ఊరి కుర్రాళ్ళకే ట్రైనింగ్ ఇచ్చి, మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, గ్రామసభలో గట్టిగా చదివించారు. చేసిన పని ఎంత, వచ్చిన డబ్బులెంత అని కూలీల ముందే చదవడం. అది కూడా వయోజన విద్యే. జాబ్ కార్డు మీద తన పని దినాలు తనే చదువుకోగలిగితే మధ్యలో ఎవరూ తినలేరు. నేను ట్రైనింగ్‌లో పాత జాబ్ కార్డులు, బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బస్సు బోర్డుల ఫోటోలు ఒక సంచిలో వేసుకుని వెళ్తా, వాచకం కన్నా ఆ సంచే ఎక్కువ వాడతాం.

ఫోన్, యాప్ ల గురించి నేర్పాలా?

ఇప్పుడు తప్పదు. ఉల్లాస్‌కి యాప్ ఉంది, నేర్చుకునేవాళ్ళ పేర్లు, వలంటీర్ల పేర్లు అందులో ఎక్కిస్తారు, సర్కారు వాళ్ళ దీక్ష అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో పాఠాలున్నాయి. కానీ యాప్‌లో పేరు ఎక్కినంత మాత్రాన చదువు మొదలైనట్టు కాదు, ఈ తప్పు చాలాచోట్ల జరుగుతోంది, ఎక్కించిన సంఖ్యే రివ్యూ మీటింగులో అడుగుతారు కాబట్టి అందరి దృష్టీ దానిమీదే ఉంటుంది.

నేర్చుకునేవాళ్ళకి ఫోన్‌లో మొదట అంకెలు. కొడుకు నంబర్ సొంతంగా నొక్కి మాట్లాడిన రోజు ఆ తల్లి మొహం చూడాలి మీరు. తర్వాత డబ్బుల జాగ్రత్త, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే, పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఈ నాలుగు ముక్కలు పాటలా కంఠతా వచ్చేదాకా అనిపించండి.

జీతం వస్తుందా?

సాక్షర భారత్ 2009 సెప్టెంబర్ 8న మొదలై 2018 మార్చితో ఆగిపోయింది, అందులో పంచాయతీకి ఇద్దరు ప్రేరక్‌లు, నెలకి రెండువేలు గౌరవ వేతనం, అంటే రోజుకి 67 రూపాయలు. అదీ నెలల తరబడి రాని సందర్భాలు చాలామంది చెప్పుకుని ఏడ్చారు నా దగ్గర. ఇప్పటి ఉల్లాస్ పూర్తిగా వలంటీర్ల మీద నడిచేది. 2022 నుంచి 2027 దాకా 1037.90 కోట్లు, లక్ష్యం ఐదు కోట్ల మంది. భాగిస్తే తలకి 208 రూపాయలు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. రోజుకి గంట పక్కింటి అత్తకి చదువు చెప్పడానికి జీతం అక్కర్లేదు, మన ఊళ్ళో అలాంటి పిల్లలున్నారు, సంతోషంగా చేస్తారు. కానీ పదిమంది వలంటీర్లని చూసుకుంటూ రోజూ ఊరు తిరిగే ఆర్గనైజర్‌కి మాత్రం బతకడానికి సరిపడా ఇవ్వాలి. ఇవ్వకుండా సేవాభావం గురించి ఉపన్యాసం చెప్పడం నాకు నచ్చదు, ఆ పని చేసేది ఎక్కువగా పేదింటి ఆడపిల్లలే.

పరీక్ష ఉంటుందట, భయపడుతున్నారు.

ఉల్లాస్‌లో ఉంటుంది. 150 మార్కులు, చదవడం 50, రాయడం 50, లెక్కలు 50. పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. పదిహేనేళ్ళు నిండిన ఎవరైనా రాయొచ్చు. భయం పోవాలంటే నెలముందు నుంచి వారానికోసారి అలాంటి కాగితమే ఇచ్చి కూర్చోబెట్టండి. పక్కనవాళ్ళ చేత రాయించి లెక్క చూపించడం మాత్రం దయచేసి చెయ్యకండి, ఆ సర్టిఫికెట్ పట్టుకున్న మనిషికి ఇంకో ఛాన్స్ రాదు, లెక్కల్లో ఆమె అక్షరాస్యురాలు అయిపోయింది కాబట్టి.

పరీక్ష అయిపోయాక?

ఆరు నెలలు ఏమీ చదవకపోతే వచ్చింది కూడా పోతుంది, నేను కళ్ళారా చూశా. పేపర్ ఒకటి కేంద్రానికి వేయించండి, పెద్ద అక్షరాల చిన్న పుస్తకాలు పెట్టండి, సంఘం మీటింగులో తీర్మానం ఆమె చేతే చదివించండి, సంఘం పుస్తకాలు రాసే యానిమేటర్ చదవొద్దు. ఆర్గనైజర్ నెలవారీ ట్రైనింగ్‌లో నేనడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే, పోయిన నెల పాసైనవాళ్ళు ఈ నెల ఏం చదివారు?

ట్రైనింగ్ పనిచేసిందో లేదో ఎలా తెలుసుకుంటారు?

ట్రైనింగ్ ఆఖరి రోజు నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారాలు చూడను, అన్నిట్లో బాగుంది అనే ఉంటుంది. మూడు నెలలకి చెప్పకుండా వెళ్తా. ఆర్గనైజర్ వీధిలో నడుస్తుంటే ఎంతమంది పలకరిస్తున్నారో చూస్తా. మానేసినవాళ్ళ పేర్లు రిజిస్టర్ చూడకుండా చెప్పగలడా అని అడుగుతా. వస్తున్నవాళ్ళ పేర్లు అందరూ చెప్తారు.

నేను ఒక్కడినే, డబ్బుల్లేవు, స్కీము లేదు. మొదటి వారం ఏం చెయ్యాలి?

మొదటి మూడు రోజులు ఏమీ చెప్పకుండా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మీ వీధిలో తిరగండి. నీళ్ళు ఎప్పుడొస్తాయి, వంటలు ఎప్పుడవుతాయి, ఏ సీరియల్ అయ్యాక అరుగు మీదకి వస్తారు చూసుకోండి. నాలుగో రోజు ఒకావిడని, ఎక్కువ మాట్లాడే ఆమెని, మా ఇంటి అరుగు మీద లైటు వేస్తా అత్తా, ఇంకొకర్ని తీసుకుని రా, నీ పేరు నీచేత రాయిస్తా అని పిలవండి. ఆరు పలకలు, ఒక డబ్బా బలపాలు, రెండు జతల రీడింగ్ గ్లాసులు కొనుక్కోండి. ఐదో రోజు ఆమె ఒక్కతే వస్తే ఆమెతోనే కూర్చోండి. పేరులో మొదటి అక్షరం వచ్చేదాకా కూర్చుని, పలక ఇంటికి తీసుకెళ్ళమని ఇచ్చెయ్యండి, పొద్దున పక్కింటివాళ్ళకి ఆమే చూపిస్తుంది.